ట్యాపింగ్‌కు హోం కార్యదర్శి సంతకం, ఫోన్‌కు పంచనామా చాలు

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ నిఘా పోలీసులు ‘డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఆపరేషన్ జరిపి, గూఢచర్యం ఆరోపణపై నౌకాదళ సిబ్బంది ఏడుగురిని అరెస్టు చేశారు. పరిచయాలు మొదలైంది ఫేస్‌బుక్‌లో. నెలాఖరుకల్లా నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. గేటు లోపల అది కుదురుతుంది. విశాఖ నగరం మొత్తానికి కుదరదు కదా!

గేటు బయట ఫోన్లపై నిఘాకు చట్టం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంతో మొదలైంది. ప్రజా భద్రత పేరుతో సందేశాలను అడ్డగించే అధికారం 5(2) సెక్షన్ ఇచ్చింది కానీ, ఎలా వాడాలో పద్ధతి లేదు. 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి పెట్టింది: హోం కార్యదర్శి ఉత్తర్వు, రెండు నెలల గడువు, ఎంత పొడిగించినా ఆరు నెలలు, పైన సమీక్ష కమిటీ. ఇదంతా తీగ మీద కాపలా.

2016లో వాట్సాప్ సందేశాలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ వచ్చింది. తీగ మీద దొరికేది గజిబిజి అక్షరాలే. తాళంచెవి ఫోన్లలోనే ఉంటుంది, కంపెనీ దగ్గర ఉండదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు. కానీ 2009 నిబంధనల ప్రకారం, తాళంచెవి తన చేతిలో ఉన్నంత మేరకే కంపెనీ విప్పి చూపాలి.

అందుకే 2021లో 50 లక్షలు దాటిన వాడకందారులున్న మెసేజింగ్ సంస్థలు సందేశం మొదట పంపినవారెవరో చెప్పాలని కేంద్రం నిబంధన పెట్టింది. మూలం విదేశంలో ఉంటే, దేశంలో మొదట పంపినవారే మూలకర్త. అంటే మోసగాడు ఎక్కడో కూర్చుని పంపితే, గాజువాకలో దాన్ని ముందుగా ఫార్వర్డ్ చేసినాయన ఇరుక్కోవచ్చు. కాపీ చేసి అతికిస్తే గొలుసు అక్కడే తెగొచ్చు. వాట్సాప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది.

దాంతో దర్యాప్తు ఫోన్ మీదికి మళ్లింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 94వ సెక్షన్ కింద స్టేషన్ అధికారే ఫోన్ తెచ్చివ్వమని నోటీసు ఇవ్వొచ్చు, హోం కార్యదర్శి సంతకం అక్కర్లేదు. అసలు లోటు ఇదే. ఒక కాల్ వినడానికి ఉన్నంత అడ్డంకి, పదేళ్ల చాట్లు, ఫొటోలు చూడటానికి లేదు.

పైగా ఇక్కడే సాక్ష్యం పాడవుతుంది. తెరిచి ఉన్న ఫోన్‌ను ఆపేస్తే మళ్లీ పాస్‌కోడ్ కొట్టేదాకా డేటా తెరుచుకోదు. స్టేషన్‌లో చాట్లు స్క్రోల్ చేస్తే డేటా మారిపోతుంది, ముందు తీసిన హ్యాష్‌తో (డేటా నుంచి లెక్కకట్టే, డేటా మారితే మారిపోయే గుర్తు) పొసగదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఛార్జింగ్ ఆగకుండా ల్యాబుకు చేర్చాలి. కాపీ తీసి, దాని హ్యాష్ విలువను ధ్రువపత్రంలో రాయాలి.

2023 నవంబరులో సుప్రీంకోర్టు ఫోన్ల వంటి పరికరాల జప్తుకు మార్గదర్శకాలు రూపొందించాలని కేంద్రాన్ని అడిగింది. అవి వచ్చేదాకా సీబీఐ మాన్యువల్‌ను పాటిస్తామని డిసెంబరులో కేంద్రం చెప్పింది.