కప్ప పోయింది, రికార్డు మిగిలింది

విశాఖలో బీఎస్సీ జువాలజీ చదివిన నా వయసు వాళ్లకి ప్రాక్టికల్స్ అంటే ముందు గుర్తొచ్చేది ఫార్మలిన్ కంపు, ఆ తర్వాత మైనం ట్రేలో నాలుగు కాళ్లకీ గుండుసూదులు గుచ్చి వెల్లకిలా పడుకోబెట్టిన కప్ప. ఇప్పటి పిల్లలు ఆ ట్రే చూసి ఉండరు.

ఈ పద్ధతి చాలా పాతది. జీవశాస్త్రం పుస్తకం బట్టీ పడితే రాదని 1870ల్లో లండన్‌లో జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఒక్కో తరగతికి ఒక్కో జీవిని ఎంచుకుని, దాన్ని విద్యార్థుల చేతే కోయించి, కళ్లతో చూసిందే గీయించేవాడు. 1875లో తన సహాయకుడు మార్టిన్‌తో కలిసి తెచ్చిన ప్రాక్టికల్ పుస్తకంలో ఈస్ట్, అమీబా నుంచి కప్ప దాకా ఇదే వరస. మన సిలబస్‌లూ చాలాకాలం ఇంచుమించు ఆ దారిలోనే నడిచాయి.

కప్పలేమో పొలాల్లోంచి పట్టి తెచ్చినవి. చివరికి 2014లో జువాలజీ కోర్సుల్లో ఇలా జంతువుల్ని కోసే డిసెక్షన్లు ఆపేయమని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ చెప్పింది. వాటి బదులు చార్టులు, మోడళ్లు, కంప్యూటర్‌లో సిమ్యులేషన్లు వచ్చాయి. దాంతో పిల్లలకి చూడటమే పోయిందని పాత లెక్చరర్లు బాధపడుతుంటారు.

నన్నడిగితే అది అంతకుముందే పోయింది. నా ట్రేలోది ఆడకప్ప, కడుపు నిండా నల్లటి గుడ్లు. నేను రికార్డులో గీసింది మాత్రం మగకప్ప, ఎందుకంటే సీనియర్ రికార్డులో ఉన్నది అదే, ఆయన కూడా వాళ్ల సీనియర్‌ది చూసే గీశాడు మరి! పదికి 9 మార్కులొచ్చాయి. సీసాల్లో పెట్టిన జీవుల్ని చూసి పేరు రాసే స్పాటర్స్ పరీక్ష అయితే ఇంకా ఘోరం, సీసాలోది చేపో పామో తేల్చుకునేలోగా బెల్లు కొట్టి పక్క సీసాకి తోసేవాళ్లు.

విచిత్రమేంటంటే, ఆంధ్రా యూనివర్సిటీ 1930లో బెజవాడ నుంచి వాల్తేరు వచ్చినప్పటి నుంచీ సముద్రం పక్కనే ఉంది. తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి ఆటు వేళ వెళ్తే చాలు, ఏదీ కోయక్కర్లేదు. ఎండకి తట్టుకునే బార్నకిల్స్, అంటే రాతికి అతుక్కుని ఉండే చిన్న పెంకు జీవులు, రాతికి పైన, తడి ఆరితే బతకలేనివి కింద గుంటల్లో. ఎవరెక్కడ ఉండాలో రాతి మీద గీత గీసినట్టే ఉంటుంది. సముద్రపుష్పం పేరుకే పువ్వు, నిజానికి జంతువే. దాన్ని వేలితో తాకితే ముడుచుకుంటుంది, మళ్లీ విచ్చుకునేదాకా కదలకుండా కూర్చోవాలి, అదే కష్టం.

మొన్న డిగ్రీ చదివే మా తమ్ముడి కూతుర్ని తీసుకెళ్లాను. పేర్లు చెప్పను, ముందు గీయమన్నాను. కాసేపు గీసి తలెత్తి, “ఈ నత్తలన్నీ ఎండ పడని వైపే ఉన్నాయేంటి పెదనాన్నా, నీడ కోసమా, ఇటు అల కొట్టదనా?” అంది. నాకూ తెలీదు. రెండోవైపు కూడా చూద్దామని లేచేసరికి నీళ్లు పైకి వచ్చేశాయి.