దెబ్బలు తిన్న ఉక్కు ఎందుకు మన్నుతుంది?

లారీ కమాన్ కట్టలు ఒక్క పెద్ద బరువుకే విరగడం అరుదు. గుంతల్లో పడి లేస్తూ, లక్షల సార్లు వంగి తేరుకుని, చివరికి ఒకరోజు మామూలు లోడుకే ఫట్‌మంటాయి. లోహానికి వచ్చే ఈ అలసటని 19వ శతాబ్దంలోనే జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షించాడు. పగులు చాలావరకు మొదలయ్యేది పైపొరలోనే. వంగినప్పుడు ఎక్కువగా సాగేది అదే, గీతలూ గాట్లూ పడేదీ అక్కడే. సాగిన ప్రతిసారీ పగులు కాస్త నోరు తెరిచి, కాస్త లోపలికి పాకుతుంది.

మరి ఆ పైపొరని ముందే నొక్కిపెడితే? షాట్ పీనింగ్ చేసేది ఇదే. సన్నటి ఉక్కు గుండ్లని లోహం మీదికి వేగంగా విసురుతారు. తగిలిన చోటల్లా చిన్న సొట్ట పడి, పైపొర పక్కలకి సాగబోతుంది. కింద ఉన్న లోహం సాగనివ్వదు. ముగ్గురి సీట్లో నలుగురు ఇరుక్కున్నట్టు పైపొర బిగుసుకుపోతుంది. బయటి బరువు పగులుని తెరవాలంటే ముందు ఈ బిగింపుని దాటాలి. బిగిసిన పొర మందం మిల్లీమీటరులో కొద్ది వంతే. అయినా ఇంజన్ వాల్వ్ స్ప్రింగుల నుంచి విమానాల ల్యాండింగ్ గేర్ దాకా దాన్ని నమ్ముకునే నడుస్తున్నాయి.

ఈ బిగింపు కంటికి కనబడదు. తయారైన ప్రతి భాగాన్నీ కోసి చూడలేం కదా! జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్ 1940ల్లో దీనికి తెచ్చిన ఉపాయం నాకు మహా ఇష్టం. 76 మి.మీ. పొడవు, 19 మి.మీ. వెడల్పున్న స్ప్రింగు స్టీలు రేకుని దిమ్మకి స్క్రూలతో బిగించి, ఒక్కవైపే గుండ్లతో కొడతారు. స్క్రూలు విప్పగానే, దెబ్బలు తిన్న వైపు ఉబ్బుతూ రేకు వంగిపోతుంది. ఆ వంపుని గేజ్‌తో కొలుస్తారు. కొట్టే సమయం రెట్టింపు చేసినా వంపు 10 శాతానికి మించి పెరగని స్థాయిని ఆ గుండ్ల తీవ్రతగా లెక్కగడతారు.

భాగాన్ని మరీ అతిగా బాదితే మేలు కన్నా కీడే ఎక్కువ, పైపొరే చిట్లవచ్చు. పగిలిన గుండ్ల అంచులు గాట్లు పెడతాయి కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు జల్లెడ పట్టి ఏరేస్తారు. పీనింగ్ అయిన భాగాన్ని తర్వాత లోతుగా గ్రైండింగ్ చేస్తే ఆ పొరే పోతుంది. వెల్డింగ్ పెడితే ఆ వేడికి బిగింపు సడలిపోవడమే కాదు, అతుకు చుట్టూ లోహం సాగదీసినట్టే మిగిలిపోతుంది.