క్లాసు గ్రూపులో పీడీఎఫ్ పెట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను కాబట్టి లెక్చరర్లు నన్ను తరచూ అడిగేది ఇదే. టెన్షన్‌తో అవసరమైన వ్యాసం కూడా పిల్లలకి ఇవ్వనివాళ్లున్నారు, దొరికిన ప్రతి ఫైలూ టెలిగ్రామ్‌లో పెట్టేసేవాళ్లూ ఉన్నారు.

అపోహ: ప్రచురణకర్త అనుమతి లేకుండా ఒక్క పేజీ కూడా కాపీ చేయకూడదు.

వాస్తవం: చేయొచ్చు. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకుంటే ఉల్లంఘన కాదని 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 చెబుతోంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు గుర్తుందా? పుస్తకాల్లోంచి భాగాలు తీసి కోర్స్ ప్యాక్‌లు కట్టి ఇస్తున్నారని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో కోర్టుకెళ్లాయి. ఇన్ని పేజీలే, ఇంత శాతమే అని లెక్క పెట్టకుండా, పాఠానికి ఎంత అవసరమో అంతవరకు సరేనని 2016 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ చెప్పింది. మొత్తం పుస్తకాల కాపీ విషయం మాత్రం విచారణకి పంపింది, అది తేలకముందే 2017లో ప్రచురణకర్తలు దావా వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఆ తీర్పు చూపించి పుస్తకం మొత్తం స్కాన్ చేయకండి.

అపోహ: చదువు కోసమే కదా, ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: ఆ కేసు కాగితం కాపీల గురించి. మీ క్లాసు పిల్లలు మాత్రమే ఉన్న గ్రూపులో ఒక వ్యాసం పెడితే బోధన అని గట్టిగా వాదించొచ్చు. ఎవరైనా చేరగలిగే ఛానెల్‌లో పెడితే ఆ మాట చెల్లదు.

అపోహ: జర్నళ్లకి (పరిశోధన పత్రికలకి) కాలేజీ చందా కట్టింది, ఫైలు ఎవరికైనా పంపొచ్చు.

వాస్తవం: చందాతో పాటు ఒప్పందం ఉంటుంది, దాన్ని ఒకసారి చదవండి. నేనైతే లింకే పంపమంటాను, పిల్లలు తమ లాగిన్‌తో తెరుచుకుంటారు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకి వేల జర్నళ్లు అందుతున్నాయి, మీ కాలేజీ అందులో ఉందేమో లైబ్రరీలో అడగండి.

అపోహ: నెట్‌లో ఫ్రీగా ఉంది, కాపీరైట్ గుర్తు కూడా లేదు, కాబట్టి ఎవరైనా పంచొచ్చు.

వాస్తవం: గుర్తు, రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది, రచయిత పోయాక ఇంకో 60 ఏళ్లు కూడా.

ఇంకో మాట, తెలుగు చిన్న పత్రికల గురించి. అవి చందాల మీదే బతుకుతున్నాయి. పాఠానికి ఒక్క కథ కావాలంటే ఆ కథే, రచయిత పేరుతో, పత్రిక పేరుతో ఇవ్వండి, సంచిక మొత్తం స్కాన్ చేసి గ్రూపులో పెట్టకండి.