సోటో గది, ఓస్వాల్ట్ బుల్డోజర్: బేస్‌బాల్ ఫ్రీ ఏజెంట్ల గురించి అపోహలు - వాస్తవాలు

2024 డిసెంబర్‌లో తెనాలి నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏరా, ఆ సోటో అనే కుర్రాడికి ఆరున్నర వేల కోట్లు ఇచ్చి, పైగా స్టేడియంలో ఓ గది కూడా రాసిచ్చారటగా? ఆ గది కోసమే పాత టీమ్‌ని వదిలేశాడట!" మా బాబాయ్ జీవితంలో ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ కూడా చూడలేదు. వాట్సాప్‌లో వచ్చిందట.

నేను అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ళ తరఫున పనిచేసే ఒక ఏజెంట్ ఆఫీసులో కాంట్రాక్ట్ కాగితాలు చూస్తాను. బేరమాడేది నేను కాదు. బేరం తెగాక ఏ మాట ఎక్కడ రాశారు, ఏది రాయకుండా వదిలేశారు అని వెతకడం నా పని. వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఫైనల్) అయిపోయిన దగ్గర్నుంచి ఫిబ్రవరి దాకా మాకు ఊపిరాడదు. పుకార్లు పుట్టేదీ ఆ నెలల్లోనే. బాబాయ్ లాంటి వాళ్ళు అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే కాబట్టి, ఈసారి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: ఇది కూడా ఐపీఎల్ వేలం లాంటిదే.

కాదు. ఐపీఎల్‌లో సుత్తి పడితే ఆటగాడు ఆ జట్టుకే వెళ్ళాలి. ఎక్కువ పాడినవాళ్ళదే ఆటగాడు. ఇక్కడ వేలం లేదు, సుత్తి లేదు. 30 క్లబ్బుల్లో ఎవరితోనైనా మాట్లాడుకుని, తక్కువ డబ్బుకైనా సరే నచ్చిన ఊరికి వెళ్ళే హక్కు ఆటగాడిదే. అలాంటి ఆటగాడినే ఫ్రీ ఏజెంట్ అంటారు. జట్టు జీతాల మీద ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదు అనే గట్టి పరిమితి కూడా లేదు. ఒక గీత ఉంటుంది, 2025లో అది 241 మిలియన్ డాలర్లు. దాటితే జట్టు లీగ్‌కు పన్ను కడుతుంది, అంతే. కట్టే స్తోమత ఉన్న యజమానులు కడుతూనే ఉన్నారు.

ఈ హక్కు ఊరికే రాలేదు. కర్ట్ ఫ్లడ్ తనను అడక్కుండా వేరే జట్టుకు బదిలీ చేయడాన్ని ఒప్పుకోక సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు. 1975 డిసెంబర్‌లో పీటర్ సైట్జ్ అనే మధ్యవర్తి ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు బౌలర్ల (ఇక్కడ పిచర్లంటారు) పక్షాన తీర్పు ఇచ్చాకే తలుపు తెరుచుకుంది. తీర్పు చెప్పిన వెంటనే యజమానులు సైట్జ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు.

అపోహ: కాంట్రాక్ట్ అయిపోతే చాలు, ఎవరైనా ఫ్రీ ఏజెంటే.

మేజర్ లీగ్‌లో (ఆ 30 క్లబ్బులు ఆడే పై స్థాయి లీగ్) ఆరేళ్ళ సర్వీసు పూర్తి కావాలి. ఆ 'ఏడాది' అంటే 172 రోజులు. ఒక్క రోజు తగ్గినా అది పూర్తి ఏడాదిగా లెక్కలోకి రాదు. 2015లో షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ని సీజన్ మొదలైన కొన్నాళ్ళకు, ఏప్రిల్ 17న మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) నుంచి పైకి పిలిచింది. సీజన్ చివర లెక్క చూస్తే 171 రోజులు. అతను ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. ఆ ఒక్క రోజు వల్ల ఫ్రీ ఏజెంట్ కావడం ఏడాది పాటు వాయిదా పడింది. మా ఆఫీసులో కుర్ర ఆటగాళ్ళ ఫైలు తెరిస్తే మొదట కనపడేది పరుగులు కాదు, రోజుల లెక్క.

అపోహ: పెద్ద రిపోర్టర్ రాశాడంటే నిజమే అయి ఉంటుంది.

2022 డిసెంబర్ 6న బాగా పేరున్న ఒక రిపోర్టర్, న్యూయార్క్ యాంకీస్ స్టార్ ఆరన్ జడ్జ్ శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు వెళ్ళబోతున్నట్టుందని ట్వీట్ చేశాడు. తొందరలో 'ఆరన్' బదులు 'ఆర్సన్' అని పడింది. ఇంగ్లీషులో ఆ మాటకు కొంపలు తగలబెట్టడం అని అర్థం. నిజంగానే కాసేపు తగలబడింది. కొద్ది నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు జడ్జ్ 9 ఏళ్ళకు 360 మిలియన్లతో యాంకీస్‌లోనే ఉండిపోతున్నాడని తేలింది.

ఏడాది తర్వాత, 2023 డిసెంబర్ 8, శుక్రవారం. జపాన్ స్టార్ షోహెయ్ ఒటాని టొరంటో జట్టుకు వెళ్తున్నాడని ఒక వార్త. కాలిఫోర్నియా నుంచి టొరంటోకు బయల్దేరిన ఒక ప్రైవేట్ జెట్‌ని జనం ఇంటర్నెట్‌లో వెంటాడారు. టొరంటో పిచర్ కికుచి ఊళ్ళో ఓ సుషీ హోటల్ మొత్తం బుక్ చేశాడని ఇంకో పుకారు. విమానం దిగింది. లోపల్నుంచి వచ్చింది టీవీ షోలతో పేరు తెచ్చుకున్న వ్యాపారి రాబర్ట్ హెర్జావెక్, పిల్లలతో. ఒటాని కాలిఫోర్నియాలోనే ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నం తనే ఇన్‌స్టాగ్రామ్‌లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఆడబోతున్నానని పెట్టాడు. ఏజెంట్ ఆఫీసులకు అన్నీ ముందే తెలుస్తాయని మా బంధువుల నమ్మకం. ఆ శనివారం మేం కూడా అందరిలాగే ఫోన్‌లో చూసి తెలుసుకున్నాం.

మరి ఈ వార్తలు ఎవరు ఇస్తారు? రిపోర్టర్లు గాలిలోంచి అల్లరు, చాలాసార్లు నిజంగానే ఎవరో చెబుతారు. చెప్పేవాడికి ఓ అవసరం ఉంటుంది. రెండో బేరగాడు ఉన్నాడని అనిపించాలి ఏజెంటుకు. మేం ప్రయత్నించాం అని అభిమానులకు వినిపించాలి క్లబ్‌కు. పోటీ జట్టు జేబు ఖాళీ అయితే బాగుండునని ఇంకో క్లబ్‌కు. సంత బేరంలో "ఇందాక ఒకాయన ఇంకో వెయ్యి ఇస్తానన్నాడు" అనే మాట విన్నవాళ్ళకు ఇది కొత్త కాదు. ఇక్కడ ఆ కనపడని 'ఒకాయన'కు 'మిస్టరీ టీమ్' అని పేరు కూడా పెట్టారు. నవ్వుకుంటారు గానీ, నిజంగానే ఎవరూ ఊహించని జట్టు వచ్చి ఎగరేసుకుపోయిన సందర్భాలున్నాయి.

మాటల్ని బట్టి కొంత పసిగట్టొచ్చు. ఫలానా క్లబ్ 'ఆసక్తి చూపుతోంది', 'వాకబు చేసింది' అంటే ఎవరో ఒక ఫోన్ చేశారని. ఫోన్‌కి ఖర్చేం లేదు, పెద్ద ఆటగాడి కోసం సగం లీగ్ చేస్తుంది. ఎన్నేళ్ళు, ఎంత డబ్బు అన్న అంకెలు బయటికొస్తే కాస్త బరువున్న వార్త. 'మెడికల్ టెస్ట్ ఒక్కటే మిగిలింది' అన్నప్పుడు నిజంగా దగ్గరకొచ్చినట్టు. అయినా అది కూడా...

అపోహ: ఒప్పందం కుదిరిందని చెప్పాక ఇంక తిరుగులేదు.

కార్లోస్ కొరెయాని అడగండి. 2022 డిసెంబర్‌లో జెయింట్స్ 13 ఏళ్ళకు 350 మిలియన్లు ఒప్పుకుంది. జెర్సీ తొడిగి పరిచయం చేసే ప్రెస్ మీట్‌కు కొన్ని గంటల ముందు వాయిదా వేసింది. మైనర్ లీగ్‌లో ఉండగా 2014లో కుడి కాలు విరిగి ఆపరేషన్ అయింది, మెడికల్‌లో డాక్టర్లకు ఆ కాలి మీద అనుమానం వచ్చింది. ఆ రాత్రికి రాత్రే న్యూయార్క్‌లోని ఇంకో జట్టు మెట్స్ 12 ఏళ్ళకు 315 మిలియన్లు అంది. వాళ్ళ డాక్టర్లూ అదే కాలి దగ్గర ఆగారు. చివరికి జనవరిలో తన పాత జట్టు మిన్నెసోటా ట్విన్స్‌తోనే సంతకం పెట్టాడు, గ్యారంటీగా 6 ఏళ్ళు, 200 మిలియన్లు. నెల తిరక్కుండానే గ్యారంటీ డబ్బులో 150 మిలియన్లు ఎగిరిపోయాయి. మెడికల్ రోజున మా ఆఫీసులో ఎవరికీ అన్నం సహించదు. ఆ టెన్షన్ ఆటగాడి కంటే మాకే ఎక్కువని నా అనుమానం.

అపోహ: సౌకర్యాల ఆశ చూపిస్తే చాలు, ఆటగాడు జట్టు మారిపోతాడు.

ఇదే బాబాయ్ ప్రశ్న. యాంకీస్‌ని వదిలి మెట్స్‌కు వెళ్ళిన హువాన్ సోటో ఒప్పందంలో సూట్ ఉన్న మాట నిజం. స్టేడియంలో ఓ ప్రత్యేక గది, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనకాల నాలుగు మంచి టికెట్ల దాకా, కుటుంబానికి సెక్యూరిటీ, 22 నంబర్ జెర్సీ, అన్నీ మెట్స్ ఒప్పుకుంది. యాంకీస్ సూట్ ఉచితంగా ఇవ్వలేదన్నదీ నిజమే. జడ్జ్, అంతకుముందు డెరెక్ జీటర్ సొంత డబ్బుతో తీసుకున్నారు, ఒక్కడికి ఉచితంగా ఎలా ఇస్తాం అన్నది వాళ్ళ వాదన. ఇంతవరకు అందరూ చదివారు.

పక్కనే ఉన్న అంకెలు మాత్రం ఎవరూ చదవరు. యాంకీస్ ఇస్తానంది 16 ఏళ్ళకు 760 మిలియన్లు. మెట్స్ ఇచ్చింది 15 ఏళ్ళకు 765. అంటే ఏడాదికి 47.5 ఎక్కడ, 51 ఎక్కడ? మెట్స్ అందులో 75 మిలియన్లు సంతకం బోనస్‌గా ఇచ్చింది. 2029 తర్వాత సోటో కావాలంటే బయటికి రావచ్చు. రాకుండా ఆపాలంటే మెట్స్ మిగిలిన పదేళ్ళకూ ఏటా 4 మిలియన్లు కలపాలి, అప్పుడు మొత్తం 805 అవుతుంది. బేరం తేలింది ఈ వరసల మీద. పెళ్ళి సంబంధం కట్నం దగ్గర చెడిపోయినా, ఊళ్ళో మాత్రం "మర్యాద సరిగా చేయలేదట" అని చెప్పుకుంటారే, గది కథ అలాంటిదే.

అలాగని సౌకర్యాలు ఉత్తవేం కావు. వేరే దేశం నుంచి వచ్చినవాడికి ఇంటర్‌ప్రెటర్, ఇంటికి వెళ్ళిరావడానికి టికెట్లు లేకపోతే బతుకు కష్టం. 2006లో జపాన్ నుంచి బోస్టన్ వచ్చిన దైసుకె మత్సుజాకకు అవన్నీ రాసిచ్చారు. 1998లో 100 మిలియన్లు దాటిన తొలి కాంట్రాక్ట్ కెవిన్ బ్రౌన్‌ది. అందులో జార్జియాలో ఉన్న కుటుంబం వచ్చిపోవడానికి 12 సార్లు ప్రత్యేక విమానం ఉంది. ట్రాయ్ గ్లాస్ కోసం అరిజోనా జట్టు అతని భార్య గుర్రపుస్వారీ శిక్షణకు ఏటా రెండున్నర లక్షల డాలర్లు ఒప్పుకుంది. నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం చార్లీ కెర్‌ఫెల్డ్. 1987లో హ్యూస్టన్‌లో 37 నంబర్ జెర్సీ అతనిది. జీతం 1,10,037 డాలర్ల 37 సెంట్లు, దానికి తోడు నారింజ రంగు జెల్లీ పొడి 37 డబ్బాలు.

అపోహ: ఇలాంటివి నోటి మాటగా, చాటుగా ఇచ్చేస్తారు.

2005లో హ్యూస్టన్ యజమాని డ్రేటన్ మెక్‌లేన్, పిచర్ రాయ్ ఓస్వాల్ట్‌తో "ఈ మ్యాచ్ గెలిపిస్తే నీకు బుల్డోజర్ కొనిస్తా" అన్నాడు. ఓస్వాల్ట్‌ది మిసిసిపీలో వీర్ అనే చిన్న ఊరు, పొలం చదును చేసుకోవాలని అతని కోరిక. గెలిపించాడు, హ్యూస్టన్ తొలిసారి వరల్డ్ సిరీస్‌కు వెళ్ళింది. యజమాని తన డబ్బుతో కొనిచ్చేస్తే సరిపోయేదా? లేదు. ఆటకు బదులుగా ఏది ఇచ్చినా కాంట్రాక్ట్‌లోనే ఉండాలి. అందుకని బుల్డోజర్ కోసం కాంట్రాక్ట్‌కు ఒక అనుబంధం రాసి, ఆ తర్వాతే ఇచ్చారు.

రాయకపోతే ఏమవుతుందో కూడా చూశాను. మేం చూసుకునే ఒక ఆటగాడికి, తల్లిదండ్రులు ఏటా రెండుసార్లు వచ్చిపోయే టికెట్లు ఇస్తామని ఒక క్లబ్ పెద్దమనిషి చేతిలో చెయ్యేసి చెప్పాడు. కుర్రాడు మొహమాటపడి, రాయమని అడగొద్దన్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ పెద్దమనిషి ఉద్యోగం మారాడు. కొత్తగా వచ్చినాయన మర్యాదగానే అడిగాడు: "ఏ పేజీలో ఉంది?" అప్పట్నుంచి నేను మొహమాటపడటం మానేశాను.

ఇంకో సంగతి. జెర్సీ నంబర్ల కోసం చేతులు మారే బహుమతులు క్లబ్ ఖాతాలోవి కావు, ఆటగాడు ఆటగాడికి ఇచ్చుకునేవి. 17 నంబర్ వదిలినందుకు జో కెల్లీ భార్యకు ఒటాని పోర్షే కారు పంపాడు. 22 ఇచ్చిన బ్రెట్ బేటీకి సోటో పెద్ద షెవ్రొలే బండి ఇచ్చాడు.

అపోహ: హోమ్ రన్‌కు ఇంత అని బోనస్ ఉంటుంది.

హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటి దెబ్బ. దానికి బోనస్ ఉండదు, నిబంధన ఒప్పుకోదు. ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఎన్నిసార్లు బ్యాటింగ్‌కు వచ్చాడు, ఎన్ని ఇన్నింగ్స్ పిచ్ చేశాడు, ఏ అవార్డు వచ్చింది, వీటికి రాసుకోవచ్చు. హోమ్ రన్లకు, సగటుకు, జట్టు గెలుపులకు వీల్లేదు. అలెక్స్ రోడ్రిగ్జ్ 660వ హోమ్ రన్‌కు 6 మిలియన్లు కదా అంటారేమో, అది విడిగా రాసుకున్న మార్కెటింగ్ ఒప్పందం. 2015లో ఆ మైలురాయి వచ్చాక యాంకీస్ ఇవ్వనంది. చివరికి మూడున్నర మిలియన్లు దానధర్మాలకు ఇచ్చేలా రాజీ కుదిరింది.

అపోహ: 700 మిలియన్లంటే 700 మిలియన్లే.

ఒటాని అంకె అది, పదేళ్ళకు. కానీ ఆడే పదేళ్ళూ అతనికి అందేది ఏటా 2 మిలియన్లే. మిగిలిన 68 చొప్పున 2034 నుంచి 2043 దాకా ఇస్తారు, వడ్డీ లేకుండా. చీటీలు కట్టిన ఇళ్ళలో ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇవాళ చేతికొచ్చే లక్ష, పదేళ్ళ తర్వాత వచ్చే లక్ష ఒకటి కావు. అందుకే పన్ను గీత కోసం లీగ్ అతని జీతాన్ని 70 కాదు, దాదాపు 46 మిలియన్లుగానే లెక్కేసింది. అలాగని డాడ్జర్స్ అప్పుడు చూద్దాంలే అని కూర్చోవడానికి లేదు, వాయిదా డబ్బుకు నిధి ముందుగానే పక్కన పెట్టాలి.

దీనికి తాతలాంటిది బాబీ బొనియా కథ. 2000లో మెట్స్ అతనికి 5.9 మిలియన్లు బాకీ. అప్పుడే ఇవ్వకుండా 8 శాతం వడ్డీ కట్టి, 2011 నుంచి 2035 దాకా ప్రతి జులై 1న 11 లక్షల 93 వేల పైచిలుకు డాలర్లు ఇచ్చేలా రాసుకున్నారు. ఏటా ఆ రోజున జనం మెట్స్‌ని ఎగతాళి చేస్తారు. నాకైతే అందులో వింతేమీ కనపడదు, ఎనిమిది శాతం వడ్డీ లెక్క, అంతే.

అపోహ: బేస్‌బాల్ కాంట్రాక్ట్ గ్యారంటీ, ఏం జరిగినా డబ్బు వస్తుంది.

ఆడుతూ దెబ్బ తగిలితే వస్తుంది. ఫామ్ పోయినా వస్తుంది. కానీ చేయకూడని పనుల జాబితా ఒకటి ఉంటుంది. ఆరన్ బూన్ 2003 అక్టోబర్‌లో బోస్టన్ మీద ఏడో మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ కొట్టి యాంకీస్‌ని వరల్డ్ సిరీస్‌కు తీసుకెళ్ళాడు. ఊరంతా నెత్తిన పెట్టుకుంది. మూడు నెలల తర్వాత సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు గానీ ఉన్నదున్నట్టు చెప్పాడు. రావలసింది 5.75 మిలియన్లు. క్లబ్ కాంట్రాక్ట్ రద్దు చేసి, 30 రోజుల జీతం కింద 9 లక్షల 17 వేల డాలర్లు చేతిలో పెట్టింది. అతని స్థానంలోకి రోడ్రిగ్జ్‌ని తెచ్చుకుంది.

అదే బూన్‌ని 2017 డిసెంబర్‌లో యాంకీస్ మేనేజర్‌గా (ఇక్కడ హెడ్ కోచ్ లాంటివాడు) పెట్టుకుంది. నేను మాత్రం కొత్త కాంట్రాక్ట్ ఏది చేతికొచ్చినా, జీతం పేజీ కంటే ముందు ఆ జాబితానే తెరుస్తాను. బాస్కెట్‌బాల్ ఇప్పటికీ అందులో ఉంటుంది.