నోటు మారితే డబ్బు పోదు: బంగారం, కరెన్సీ గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక బ్యాంకు బ్రాంచిలో నగల లోన్ల కౌంటర్ చూస్తాను. పదిహేడేళ్లయింది. మొన్న సోమవారం చంద్రగిరి వైపు నుంచి ఒకామె ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండు పట్టుకుని వచ్చింది. "సార్, మళ్లా ఐదొందల నోటు రద్దు చేస్తారంట గదా. ఇది తీసేసి బంగారం కొనుక్కుంటా" అంది. వాట్సాప్‌లో ఎవరో పంపారట. రాత్రంతా నిద్ర లేదన్నది ఆమె ముఖంలోనే తెలుస్తోంది. ఇలాంటి మాట వినని నెల లేదు నాకు.

అపోహ: నోట్లు రద్దయితే బ్యాంకులో డబ్బు కూడా పోతుంది. చేతిలో బంగారం ఉంటేనే భద్రం.

జనానికి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. రద్దయ్యేది కాగితం. పాస్‌బుక్కులో అంకె కాదు. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నప్పుడు ఎవరి డిపాజిట్‌లోనూ ఒక్క రూపాయి తగ్గలేదు. ఇంట్లో ఉన్న నోట్లు ఖాతాలో వేసుకోవడానికి డిసెంబర్ 30 దాకా గడువిచ్చారు. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగి వచ్చాయి. ఆ రోజుల్లో జనం పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయను. క్యూలో సొమ్మసిల్లిన పెద్దవాళ్లకు మంచినీళ్లిచ్చిన చేతులివి.

కానీ నా మనసులో మిగిలిపోయింది ఆ క్యూ కాదు, రిటైరైన ఒక బస్సు డ్రైవరు. కూతురి పెళ్లికని బీరువాలో 1,80,000 దాచుకున్నాడు. ఆ రాత్రి టీవీ చూసి కంగారుగా బజారుకు పరుగెత్తాడు. అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచిన ఒక కొట్లో పాత నోట్లు తీసుకున్నారు గానీ, గ్రాముకు ఆ రోజు రేటు మీద మూడో వంతు ఎక్కువ కట్టించుకున్నారు. బిల్లు కూడా ఇవ్వలేదు. మూడు నెలలకు పెళ్లి ఖర్చుల కోసం ఆ గొలుసులే కుదవ పెట్టడానికి నా దగ్గరికి వచ్చాడు. మా అప్రైజర్ గీటురాయి మీద గీసి, తూకం వేసి విలువ చెప్పాక ఆయన చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. రెండున్నర లక్షల దాకా డిపాజిట్లకు ఆరా తీయబోమని ప్రభుత్వం అప్పట్లోనే చెప్పింది. ఆ నోట్లు ఖాతాలో వేసి ఉంటే పైసా పోయేది కాదు. "మాకెవరూ చెప్పలేదు సార్" అన్నాడు. అందుకే కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను.

భయం లేని మామూలు రోజుల లెక్క కూడా చూడండి. లక్ష రూపాయలతో నగ కొంటే తరుగు, మజూరీ కలిపి 15 శాతం అనుకుందాం. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం. మీ చేతికి వచ్చే బంగారం 84 వేల చిల్లరది. రాళ్లుంటే అమ్మేటప్పుడు వాటి బరువు తీసేస్తారు. అంటే ధర 18 శాతం పైగా పెరిగితే గానీ మీ లక్ష మీకు రాదు. ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందా? 2012 చివర్లో 10 గ్రాములు 31 వేలు దాటింది. 2015లో పాతిక వేల దరిదాపులకు దిగింది. ఆ మధ్యలో విడిపించుకోలేక నగలు వేలానికి వదిలేసిన కుటుంబాలు నాకు తెలుసు.

పెళ్లికో, బిడ్డకో కొనాలంటే కొనండి. ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) ఉన్న హాల్‌మార్క్ చూసి, బిల్లు అడిగి కొనండి. పుకారు విని, డిపాజిట్ విరగ్గొట్టి మాత్రం కొనకండి. బ్యాంకే మునిగితే అంటారా? ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది.

అపోహ: ప్రతి నోటుకూ రిజర్వ్ బ్యాంకులో అంత బంగారం ఉంటుంది. మళ్లీ బంగారాన్నే డబ్బు చేస్తే ధరలు పెరగవు.

లేదు. 1957 నుంచి చట్టం అడిగేది కనీసం 200 కోట్ల నిల్వ, అందులో 115 కోట్ల బంగారం. అంతే. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉన్న 800 టన్నుల పైచిలుకు బంగారం దేశానికి కష్టకాలంలో ఆదుకునే నిల్వ. 1991లో విదేశీ చెల్లింపులకు డాలర్లు లేక 47 టన్నుల దాకా తాకట్టు పెట్టింది అందుకే. విదేశీ ప్రభుత్వాలు ఇచ్చే డాలర్లకు ఔన్సు 35 డాలర్ల లెక్కన బంగారం ఇస్తామన్న అమెరికా కూడా 1971 ఆగస్టు 15న ఆ మాట వెనక్కి తీసుకుంది.

"రాయల కాలంలో వరహాలుండేవి, అప్పుడీ గోల లేదు" అని మా వైపు పెద్దలు అంటుంటారు. వరహా అయినా షరాబు గీటు పెట్టి చూడాల్సిందే, మార్చుకోవాలంటే వట్టం (మార్చినందుకు తీసుకునే కోత) కట్టాల్సిందే. అడ్డూ ఆపూ లేకుండా నోట్లు కొడితే ఏమవుతుందో 1923లో జర్మనీ చూసింది, ఆ భయం సబబే. కానీ బంగారం కూడా రైతును కాపాడలేదు. 1930ల మాంద్యంలో పంటల ధరలు కూలిపోయాయి. ఊళ్లలో జనం ఒంటి మీది బంగారం అమ్ముకుంటే అది ఓడలెక్కి లండన్‌కు పోయింది.

చిన్నవి కొన్ని. పది రూపాయల నాణెం చెల్లుతుంది, అన్ని డిజైన్లూ చెల్లుతాయి. బస్టాండు ఆటోవాళ్లు వద్దన్నా చెల్లుతుంది. నంబరులో నక్షత్రం గుర్తున్న నోటు దొంగనోటు కాదు. 2000 నోటులో చిప్ ఎప్పుడూ లేదు.

అపోహ: 2000 నోటు ఇక చిత్తుకాగితం.

2023 మే 19న దాన్ని వెనక్కి తీసుకుంటున్నామన్నారు గానీ, రద్దు చేయలేదు. బ్యాంకుల్లో మార్చుకునే గడువు ఆ ఏడాది అక్టోబర్ 7తో అయిపోయింది. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు ఇష్యూ ఆఫీసుల్లో తీసుకుంటున్నారు. మనకు దగ్గర చెన్నై, లేదంటే హైదరాబాద్. పోస్టులో కూడా పంపవచ్చు.

పూలమ్మే ఒక అవ్వకు, చనిపోయిన భర్త ట్రంకుపెట్టెలో తొమ్మిది నోట్లు దొరికాయి. నోటుకు వెయ్యి ఇస్తానని ఒకడు అడిగాడట. "ఇచ్చేదా నాయనా?" అని మా కౌంటర్‌కు వచ్చింది. ఆధార్ జిరాక్సు, ఖాతా వివరాలు పెట్టించి, ఆమె చెల్లెలి కొడుకు చేత పోస్టులో చెన్నైకి పంపించాం. కొన్ని వారాలకు పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుని, ఆ వరుస మీద వేలు పెట్టి చదవమంది. పద్దెనిమిది వేలు అని చదివాను. ఇంకోసారి చదవమంది.