దేవునితో సహవాసం: మా రాయగడలో నేను వినే అపోహలు

ఒడిశాలోని రాయగడలో ఒక చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికి కాపరిని, అంటే పాస్టరుని. "ఇక్కడ మమ్మల్ని తెలుగోళ్లంటారు. పార్వతీపురం వెళ్తే ఒరిస్సావాళ్లంటారు. ఇంతకీ నేనెవరిని అయ్యగారూ?" అని కాలేజీలో చదివే ఒక అమ్మాయి అడిగింది. దేవుని సన్నిధిలో కూర్చునేవాళ్లకు దీనికి జవాబు దొరుకుతుందని నా నమ్మకం. కూర్చోనివ్వకుండా కొన్ని అపోహలు అడ్డుపడుతున్నాయి.

అపోహ: మంచి తెలుగులో ప్రార్థిస్తేనే ప్రార్థన.

వాస్తవం: మా దగ్గర ఎక్కువగా గాయపరిచేది ఇదే. ఒడియా మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ప్రార్థన కూడికలో పెద్దలు "మహోన్నతుడవగు దేవా" అని అందుకోగానే వీళ్లు తల వంచుకుని ఊరుకుంటారు. మెల్లగా ఇంట్లో ఒంటరిగా ప్రార్థించడం కూడా మానేస్తారు. యేసు గెత్సేమనే తోటలో తండ్రిని "అబ్బా", అంటే "నాన్నా", అని పిలిచాడు (మార్కు 14:36). అది అరామిక్, ఆయన ఇంటి భాష. మార్కు సువార్త రాసింది గ్రీకులో, అయినా ఆ మాటను అలాగే ఉంచారు. తన ఉత్తరాల్లో (రోమా 8:15, గలతీ 4:6) అపొస్తలుడు పౌలు కూడా దాన్ని తీసెయ్యలేదు. మన పిల్లలు "నాన్నా" అన్నా, ఒడియాలో "బాపా" అన్నా ఆయనకు అర్థమవుతుంది. సగం తెలుగు, సగం ఒడియాలో చేసిన ప్రార్థనలు విని నేను కన్నీళ్లు పెట్టుకున్న రోజులున్నాయి.

అపోహ: సేవ ఎంత చేస్తే దేవునికి అంత దగ్గర.

వాస్తవం: నేనూ ఇలాగే అనుకున్నాను. ఒక ఏడాది రోజుకు మూడు కూడికలు నడిపాను. ప్రసంగం కోసం తప్ప బైబిలు తెరవలేదు. చిన్న మాటకే ఇంట్లో కోపం, రాత్రి పడుకుంటే టెన్షన్. ఎవరైనా మెచ్చుకోకపోతే నేనేమీ కానట్టు అనిపించేది. అప్పుడే మార్కు మొదటి అధ్యాయం దగ్గర ఆగిపోయాను. "నీవు నా ప్రియకుమారుడవు" అని ఆకాశం నుంచి దేవుని స్వరం వచ్చేది యేసు బాప్తిస్మం దగ్గర, 11వ వచనంలో. అప్పటికి ఆ సువార్తలో యేసు ఒక్క ప్రసంగమూ చేయలేదు, ఒక్క రోగినీ బాగుచేయలేదు. ముందు కుమారుడు, తర్వాతే పని. ఊరంతా తలుపు దగ్గరికి వచ్చిన రాత్రి గడిచాక కూడా, ఇంకా చీకటి ఉండగానే లేచి ఆయన ఒంటరిగా ప్రార్థనకు వెళ్లాడు (1:35). నేను ఒక కూడిక మానేసి, తెల్లవారుజామున ఊరికే కూర్చోవడం మొదలుపెట్టాను.

అపోహ: గంటల తరబడి సమయం కావాలి.

వాస్తవం: 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు. పేపర్ మిల్లులో షిఫ్టుకు వెళ్లే తమ్ముడికి పది నిమిషాలు చాలు, రోజూ ఉంటే.

అపోహ: దేవునికి దగ్గరైనవాళ్లు కుంగిపోరు.

వాస్తవం: ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు (1 రాజులు 19). అప్పుడు దేవుడు మందలించలేదు. నిద్రపోనిచ్చి, రెండుసార్లు భోజనం పెట్టించాడు. అందుకే బతకాలని లేదనేవాళ్లను, నిద్ర పట్టనివాళ్లను ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. అది విశ్వాసం లేకపోవడం కాదు.

ఆ అమ్మాయికి యెషయా 43:1 చదివి వినిపించాను: "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు." ఇంకోసారి చదవమని అడిగి, ఆ తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో తన నోటుబుక్కులో రాసుకుంది.