ఫేక్ ఐడీ వెనక ఎవరున్నారో తెలిసేదెలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను సైబర్ కేసులు చూసే లాయర్‌ని. ఫేస్‌బుక్ గ్రూపులోనో టెలిగ్రామ్‌లోనో ఎవడో ముసుగు ఐడీతో వేధిస్తున్నాడని వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "స్క్రీన్‌షాట్లు అన్నీ ఉన్నాయి సార్. వాణ్ని బ్లాక్ చేశాను. ఫ్రెండ్స్ అందరితో రిపోర్ట్ కొట్టించి అకౌంట్ కూడా లేపేయించాం." ఆ చివరి ముక్క వినగానే నాకు నీరసం వస్తుంది.

అపోహ: స్క్రీన్‌షాట్ ఉంటే చాలు, మనిషి దొరికినట్టే.

వాస్తవం: స్క్రీన్‌షాట్‌లో ఉండేది పేరు, ఫొటో, తిట్టు. పేరూ ఫొటో వాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చేస్తాడు, యూజర్‌నేమ్ కూడా. మారనిది ఆ అకౌంట్‌కి కంపెనీ లోపల ఇచ్చుకున్న అంకెల ఐడీ. దాని దాకా తీసుకెళ్లేది ప్రొఫైల్ లింకు, కామెంట్ లింకు. "చిలిపి చిన్నోడు అనే ఐడీ వివరాలు ఇవ్వండి" అని పోలీసులు కంపెనీకి రాస్తే ఏం లాభం? ఆ పేరుతో ఎందరుంటారో! లింకు కావాలి, కామెంట్ పెట్టిన తేదీ, టైము కావాలి.

ఒక టీచరమ్మ కేసు చెబుతాను. పూర్వ విద్యార్థుల గ్రూపులో ఆవిడ ఏ పోస్టు పెట్టినా, కింద ఒక ఐడీ వచ్చి ఆవిడ విడాకుల గురించి రాసేది. ఫోన్ నిండా స్క్రీన్‌షాట్లే. అన్నీ తిట్టు మాత్రమే కనబడేలా నీట్‌గా కత్తిరించినవి. టైము దగ్గర "2 గం." అని ఉంది. ఏ రోజు, ఎప్పటికి రెండు గంటల ముందు? ఆవిడకే గుర్తులేదు. పైగా అడ్మిన్ జాలిపడి ఆ కామెంట్లన్నీ డిలీట్ చేసేశాడు. చివరికి ఆవిడ జీమెయిల్ తెరిపించాను. ఎన్నడూ తొంగిచూడని సోషల్ ట్యాబ్‌లో ఫేస్‌బుక్ నోటిఫికేషన్ మెయిళ్లు వరసగా ఉన్నాయి. ఫలానా ఐడీ మీ పోస్టు మీద కామెంట్ చేసింది అని, కింద ఒక బటన్. ఆ బటన్ వెనకున్న లింకులూ, మెయిళ్లు వచ్చిన టైములూ పెట్టి పిటిషన్ రాశాం. ఆవిడ ఆ మెయిళ్లు ఆపుకోకపోవడం అదృష్టం. మనలో చాలామందిమి విసుగొచ్చి ఎప్పుడో ఆపేసుకుని ఉంటాం.

కాబట్టి బ్లాక్ కొట్టడానికి పది నిమిషాలు ఆగండి. కంప్యూటర్‌లో తెరిచి, అడ్రస్ బార్ కనబడేలా మొత్తం స్క్రీన్ తీయండి. "2 గం." మీద మౌస్ పెడితే పూర్తి తేదీ, సమయం వస్తాయి, అదీ తీయండి. గ్రూపు నుంచి కామెంటుకీ, అక్కణ్నుంచి వాడి ప్రొఫైల్‌కీ వెళ్తూ స్క్రీన్ రికార్డింగ్ చేయండి. లింకులన్నీ మీకు మీరే మెయిల్ చేసుకోండి. తర్వాత నిక్షేపంగా బ్లాక్ చేయండి. ఆ ఫోన్ మాత్రం ఫార్మాట్ చేయకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ (పాత సాక్ష్య చట్టంలో 65బి అన్నమాట) కింద, ఎలక్ట్రానిక్ ఆధారాలకు హాష్ విలువతో (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆ ఫోన్ చేతిలో ఉండాలి.

అకౌంట్ ఇప్పటికే పోయిందా? టెన్షన్ పడకండి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం, ఫిర్యాదు మీద తీసేసిన సమాచారాన్నీ, మూసేసిన అకౌంట్ రిజిస్ట్రేషన్ వివరాలనూ కంపెనీ 180 రోజులు దాచి ఉంచాలి. "వాడే మానేస్తాడులే" అని ఏడాది ఓర్చుకుని వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అప్పటికి అడగడానికి అక్కడ ఏమీ మిగలకపోవచ్చు.

అపోహ: ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) తెలిస్తే ఇల్లు తెలిసినట్టే.

వాస్తవం: మొబైల్ డేటాలో ఒకే ఐపీని ఒకే సమయంలో ఎంతోమంది వాడుతుంటారు. పోర్ట్ నంబరు (ఒకే ఐపీ మీదున్న వాళ్లను విడదీసే అంకె), సెకన్లతో సహా టైము ఉంటేనే ఒక్క కనెక్షన్ దగ్గరికి చేరగలం. కంపెనీలు లాగ్‌లు (లాగిన్ల రికార్డులు) చాలావరకు యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఇస్తాయి. మన టైము కోసం దానికి అయిదున్నర గంటలు కలపడం మరిచారా, ఇంకొకరి ఇంటి తలుపు కొడతారు. సరైన కనెక్షనే దొరికినా అది హాస్టల్ వైఫై అయితే మళ్లీ మొదటికే. 2007లో ఆర్కుట్‌లో (అప్పటి సోషల్ మీడియా సైటు) శివాజీని కించపరిచే పోస్టు పెట్టాడని పుణె పోలీసులు బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అరెస్టు చేశారు. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఐపీ వివరమే తప్పు. సంబంధం లేని ఆ మనిషి 50 రోజులు జైల్లో ఉన్నాడు.

అపోహ: రాసే తీరు చూసి నేను కనిపెట్టేశాను.

వాస్తవం: "ళ" బదులు "ల" రాస్తాడు, వాక్యం చివర మూడు చుక్కలు పెడతాడు, కాబట్టి మా తోడికోడలి తమ్ముడే! ఇలాంటి డిటెక్టివ్‌లు మన గ్రూపుల్లో ఎక్కువైపోయారు. అనుమానం ఉంటే పిటిషన్‌లో రాయండి, పోలీసులకు పనికొస్తుంది. గ్రూపులో పేరు పెట్టి అరిచారంటే పరువు నష్టం కేసు మీ మీద పడుతుంది.

మిగతావి గబగబా. వీపీఎన్ (అసలు ఐపీని దాచే సర్వీసు) వాడితే దొరకడా? ఆ అకౌంట్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద లోపలేయించవచ్చా? దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, ఇంకా పిటిషన్లలో రాస్తూనే ఉన్నారు. 1930కి ఫోన్ చేయాలా? అది డబ్బు మోసాలకు. వేధింపులకు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, లేదా స్టేషన్‌కి వెళ్లండి. "ఐదు వేలు కొట్టండి, వాడెవడో చెబుతా" అనే హ్యాకర్‌కి డబ్బు కట్టారో, డబ్బూ పోతుంది, నేరంలో మీరూ భాగమవుతారు.

చంపుతా, ఫొటోలు బయటపెడతా అని బెదిరిస్తే మాత్రం అసలు ఆలోచించకండి. ఎవరో తెలియకుండా దాక్కుని బెదిరిస్తే బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 351(4) కింద అదనంగా రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టకపోతే బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173(4) ప్రకారం ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. ఒట్టి పరువు నష్టానికి మాత్రం పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు, మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లైంట్ వేసుకోవాలి. పేరు తెలియని మనిషి మీద సివిల్ దావా కూడా వేయొచ్చు. మన కోర్టుల్లో అలాంటి అజ్ఞాత ప్రతివాదికి "అశోక్ కుమార్" అని పేరు పెడతారు, అకౌంట్ వివరాలు ఇవ్వమని కంపెనీని కోర్టు ఆదేశించగలదు. ఖర్చెక్కువ, తిరగాలి. వ్యాపారమో ప్రాక్టీసో దెబ్బతిన్నవాళ్లకు తప్ప నేనైతే ఆ దారి చెప్పను.